ఆలోచన దగ్గర మొదలుపెట్టాలా, అలవాటు దగ్గరా, మందు దగ్గరా?

ఇరవై ఏళ్లుగా కోనసీమలో డిగ్రీ పిల్లలకు మనస్తత్వశాస్త్రం చెబుతున్నాను. వైద్యుణ్ణి కాను, కౌన్సెలింగ్ చేసే అర్హతా నాకు లేదు. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా, సాయంత్రం ఏటిగట్టు మీద నడుస్తుంటే ఎవరో ఒకరు పక్కన చేరతారు. ముందు కొబ్బరికాయ ధర, తరువాత వాన, ఆ తరువాత అసలు సంగతి. “మాస్టారూ, మా వాడు సరిగా నిద్రపోవడం లేదండి. కాకినాడలో డాక్టరు గారు మందులు రాశారు. ఫోనులో చూస్తే సీబీటీ అనే మాటల వైద్యం మంచిదంటున్నారు. మా బావగారేమో మాటల వైద్యమంతా పట్నం వాళ్లకేనంటారు. ఏది మంచిదంటారు?”

సార్వాకు, అంటే వానాకాలపు పంటకు, ఏ విత్తనం మంచిదని అడిగితే రైతు వెంటనే పేరు చెప్పడు. పల్లమా మెరకా, మురుగు దిగుతుందా నిలుస్తుందా అని ఎదురు అడుగుతాడు. మనసు విషయంలో ఆ ఎదురు ప్రశ్నలు వేసేవారు తక్కువ. ఎవరి దగ్గర ఏ పద్ధతి ఉంటే అదే అన్నిటికీ మందంటారు.

నా మొగ్గు దాచను. కాగ్నిటివ్ దృక్పథం, పాఠ్యపుస్తకాల మాటలో సంజ్ఞానాత్మక దృక్పథం, నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం. మనం ఎలా ఆలోచిస్తామన్నదే మన భావాలనూ పనులనూ నడుపుతుందంటుంది. సీబీటీ, అంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, దాని మీద నిలిచిన వైద్యమే. తాడును చూసి పామనుకుని వణికేవాడి చేతికి అది దీపం ఇస్తుంది. అయితే మా చేలగట్ల మీద నిజం పాములూ ఉంటాయి. దీపం ఆ పామును చూపిస్తుందే కాని తరమదు. ఎంపికలో చిక్కంతా అక్కడే ఉంది.

పద్ధతి పేరు కంటే ముందు చూడవలసినవి

అన్నిటికంటే ముందు, సమస్య ఎక్కడ కూర్చుందో చూడాలి. ఆలోచనలోనా, అలవాటులోనా, ఇంట్లో మనుషుల మధ్యనా, శరీరంలోనా, లేక అప్పుల పద్దులోనా? ఒకటి కంటే ఎక్కువచోట్ల ఉండవచ్చు, కాని ఎక్కువ బరువు ఎటు ఉందో తేలాలి. నిద్ర లేదు, నీరసం, ఏడుపు అంటూ వచ్చిన మనిషికి థైరాయిడ్ తేడా, రక్తహీనత, బీ12 లోపం కూడా కారణం కావచ్చు. అందుకని ఏ మాటల వైద్యానికైనా ముందు ఒకసారి రక్తపరీక్ష చేయించడం మంచిది.

తరువాత రుజువు. “మా దగ్గర బాగైనవాళ్లు చాలామంది ఉన్నారు” అన్నది రుజువు కాదు. ఆ పద్ధతి పొందినవారినీ పొందనివారినీ పక్కపక్కన పెట్టి ఎవరైనా పోల్చారా అన్నది చూడాలి.

మూడోది మా ప్రాంతంలో ఎవరూ అడగనిది: వైద్యం తీసుకునే మనిషి ఎంత పని చేయాలి? కొన్ని పద్ధతుల్లో రోజూ నోట్‌బుక్కులో రాయాలి. కొన్నిటిలో భయపడే చోటుకే వెళ్లి నిలబడాలి. కొన్నిటిలో మాట్లాడితే చాలు. చదువు రానివారికి, మాటపొదుపు మనిషికి, పొద్దున్నే పనికి పోవలసినవారికి ఇది చిన్న తేడా కాదు. దూరం, డబ్బు, భాష కూడా దీనితోనే లెక్కకు వస్తాయి. గోదావరి లంకలో ఉన్నవారు వారం వారం పంటు మీద ఏరు దాటి, బస్సు మారి వెళ్లాలంటే నాలుగో వారానికే మానేస్తారు.

చివరిది తొందర. మనిషి చావు మాట ఎత్తుతుంటే ఈ వ్యాసం పక్కన పెట్టండి. పద్ధతులు పోల్చుకునే సమయం కాదది. ఒంటరిగా వదలకండి, ఇంట్లోనో మకాంలోనో ఉన్న పురుగుమందు డబ్బాలు తీసి ఆయన చేతికి అందనిచోట తాళం వేయండి, ఆసుపత్రికి తీసుకువెళ్లండి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన మానసిక సహాయ ఫోను టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, రుసుము లేదు.

కాగ్నిటివ్ పద్ధతి: దీపం పట్టుకుని చూడటం

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అమెరికా మనస్తత్వశాస్త్రాన్ని ప్రవర్తనావాదులు ఏలారు. బయటికి కనిపించే ప్రవర్తనే శాస్త్రం, లోపల ఏం జరుగుతుందో మనకు అనవసరం అన్నారు. 1950లలో ఆ గోడకు బీటలు పడ్డాయి. మనిషి ఒక్కసారికి ఏడు అంకెలనో మాటలనో, రెండు అటూ ఇటూగా, మనసులో పట్టి ఉంచుకోగలడని 1956లో జార్జ్ మిల్లర్ రాశారు. భాషను ప్రవర్తనతో వివరించిన ప్రవర్తనావాది స్కిన్నర్ వాదాన్ని 1959లో భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ చీల్చి చెండాడారు. 1967లో ఉల్రిక్ నైసర్ ‘కాగ్నిటివ్ సైకాలజీ’ పుస్తకంతో ఈ శాఖకు ఆ పేరు స్థిరపడింది. అప్పటికే కంప్యూటర్లు వచ్చాయి కాబట్టి మనసును కూడా సమాచారం తీసుకుని, మార్చి, దాచి, తిరిగి ఇచ్చే యంత్రంలా చూశారు. ఈ పోలిక వల్ల లాభమూ నష్టమూ రెండూ జరిగాయి.

లాభం ఏమిటంటే, కనపడని ఆలోచనను కొలవడం సాధ్యమైంది. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ విద్యార్థులకు కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి వేగం అడిగారు. ప్రశ్నలో ఒక్క క్రియ మార్చారు. కార్లు ఒకదాన్నొకటి “తాకినప్పుడు” అని అడిగితే సగటున గంటకు 31.8 మైళ్లన్నారు. “ఢీకొని నుజ్జయినప్పుడు” అని అడిగితే 40.5 మైళ్లు. చూసింది అవే ఫిల్ములు. జ్ఞాపకం అంటే తీసి పెట్టుకున్న ఫోటో కాదు, అడిగిన ప్రతిసారీ మళ్లీ కట్టే పందిరి. మా అరుగుల మీద ఇది రోజూ కనిపిస్తుంది. 1986 ఆగస్టు వరదకు ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులని కాగితం మీద ఉంది, అది మారదు. అరుగు మీద చెప్పే నీటిమట్టం మాత్రం ఏటా ఒక అంగుళం పెరుగుతూనే ఉంది. చెప్పేవాళ్లు అబద్ధాలకోర్లు కారు.

వైద్యంలోకి దీన్ని తెచ్చినవారు ఆల్బర్ట్ ఎల్లిస్, ఆరన్ బెక్. బెక్ మనోవిశ్లేషణలో, అంటే మనసు లోతుల్లో దాగిన పాత సంగతులను తవ్వే ఫ్రాయిడ్ పద్ధతిలో, శిక్షణ పొందినవారు. కుంగుబాటు గురించి ఫ్రాయిడ్ చెప్పినదాన్ని రుజువు చేయబోయి, రోగుల మాటల్లో వేరే సంగతి గమనించారు: తన మీద, లోకం మీద, రేపటి మీద చీకటి ఆలోచనలు తమంతట తామే వచ్చి పడుతున్నాయి. వాటిని పట్టుకుని, రాసి, ఆధారాలు అడిగి చూడటమే ఆయన వైద్యం. గోరంతను కొండంత చేయడం, ఎదుటివారి మనసు చదివేశామనుకోవడం, అయితే అంతా లేకపోతే సున్నా అనుకోవడం, ఇలాంటి వంకర్లకు ఆయన పేర్లు పెట్టారు.

దీని బలం బాగా కనిపించేది హఠాత్తుగా వచ్చే భయపు దాడుల్లో, అంటే పానిక్‌లో. మా బంధువుల్లో ఒకాయనకు గుండె దడ వచ్చేది. ఈసీజీ తీయించారు, బాగుంది. నెల తిరగకుండా మరొకటి, వేరే ఊళ్లో. అదీ బాగుంది. బస్సులో తలుపు పక్క సీటే కావాలి, జేబులో మాత్ర ఉండాలి. 1986లో డేవిడ్ క్లార్క్ చెప్పిన నమూనా ఆయన కోసమే రాసినట్టుంటుంది. గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటుంది. “గుండెపోటు” అన్న ఆలోచన మెరుస్తుంది. ఆ భయానికి గుండె ఇంకా వేగం పుంజుకుంటుంది. “చూశావా, నిజమే!” ఈ చక్రాన్ని తెంచడానికి వైద్యుడు ఆయన చేత గబగబా మెట్లెక్కించి, కావాలనే వేగంగా ఊపిరి పీల్పించి, అదే దడ రప్పించి చూపించారు. దడ వచ్చింది, చావు రాలేదు. పది పన్నెండు వారాల్లో ఆయన తలుపు పక్క సీటు వదిలారు. గుండె వైద్యుడి పరీక్ష ముందే అయిపోయింది కాబట్టి ఇది చేయగలిగారన్నది మరవకూడదు.

ఇక జారే చోట్లు. నేను ఎక్కువ చెప్పదలచుకున్నది ఇక్కడే.

ప్రయోగశాలకూ వీధికీ దూరం ఉంది. లాఫ్టస్ విద్యార్థులు ఫిల్ము చూశారు, రక్తం చూడలేదు. కెనడాలో నిజంగా జరిగిన ఒక కాల్పుల ఘటనను చూసిన 13 మందితో యూయిల్, కట్‌షాల్ నాలుగైదు నెలల తరువాత మాట్లాడి 1986లో ఫలితం రాశారు. వాళ్ల జ్ఞాపకం చాలావరకు సరిగానే ఉంది, తప్పుదోవ పట్టించే ప్రశ్నలకు లొంగలేదు. అంటే ప్రయోగం తప్పని కాదు. గదిలో తేలినదాన్ని గుమ్మం దాటించేటప్పుడు జాగ్రత్త కావాలి.

ఆలోచన కారణమా, ఫలితమా అన్నది ఇంకా తెగని పేచీ. చీకటి ఆలోచనల వల్ల కుంగుబాటు వస్తుందా, కుంగుబాటు వచ్చాక ఆలోచనలు చీకటి పడతాయా? ఆ ఆలోచనలు ప్రతిసారీ తప్పే అని కూడా చెప్పలేం. 1979లో ఆలాయ్, ఏబ్రమ్‌సన్ బటన్ నొక్కించి దీపం వెలుగుతుందేమో చూపించిన ప్రయోగంలో, దీపం వెలగడం మీద తమ అదుపు ఎంతో కుంగుబాటు ఉన్న విద్యార్థులే సరిగ్గా అంచనా వేశారు. తరువాతి ప్రయోగాలన్నిటిలో అలా తేలలేదు గాని, “నీ ఆలోచన వంకర” అని తీర్పు చెప్పేముందు ఆగి చూడాలన్న పాఠం మిగిలింది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. వేసినా నష్టమే అన్నారు. గిట్టుబాటు లేని ధర, పెరిగిన కూలి, దిగని మురుగునీరు చూసి చేసిన లెక్క అది. దాన్ని నిరాశావాదం అనేవాడికి మనసు సంగతీ తెలియదు, వ్యవసాయమూ తెలియదు.

మూడో చిక్కు మన భాషలో ఉంది. సీబీటీలో మొదటి పాఠం ఆలోచననూ భావాన్నీ వేరు చేయడం. మనం “భయంగా అనిపించింది” అంటాం, “ఫెయిలవుతానని అనిపించింది” అనీ అంటాం. ఒకటి భావం, మరొకటి ఆలోచన, రెండిటికీ ఒకే క్రియ. నోట్‌బుక్కులో రెండు గడులు గీసి ఇస్తే మనవాళ్లు రెండిట్లోనూ అదే రాస్తారు. తెలుగులో ఆలోచించే వైద్యులు “అప్పుడు మనసులో ఏ మాట మెదిలింది?”, “ఒంట్లో ఏమైంది?” అని విడివిడిగా అడుగుతారు. ఇంగ్లిషు ఫారం తెలుగు చేసి ఇచ్చేవారి దగ్గర ఈ ముడి విడిపోదు.

నాలుగోది మా మర్యాద. సీబీటీ ఒక రకంగా వాదన. వైద్యుడు అడగాలి, రోగి కాదనాలి, ఇద్దరూ కలిసి ఆధారం చూడాలి. మా గోదావరి జిల్లాల్లో డాక్టరు గారు ఏమన్నా “ఆయ్, అలాగేనండి” అంటాం. గదిలో ఆయ్ అన్న మనిషి బస్సెక్కగానే “ఆయనకేం తెలుసు మన బాధ” అనుకుంటాడు. ఆ ఆయ్‌ని ఒప్పుకోలుగా తీసుకున్న వైద్యుడు ఎనిమిది వారాలు గాలిలో మేడ కట్టినట్టే.

ప్రవర్తన పద్ధతి: కాళ్లతో మొదలుపెట్టడం

గంట వింటే చొంగ కార్చే పావ్లోవ్ కుక్కలు, గింజ కోసం బటన్ పొడిచే స్కిన్నర్ పావురాలు అనగానే చాలామంది దీన్ని పాతబడ్డ పాఠమనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే చెప్పాను. 1996లో నీల్ జేకబ్సన్ బృందం ఒక చిలిపి ప్రశ్న వేసింది: సీబీటీలో అసలు పనిచేసేది ఏ ముక్క? కుంగుబాటు ఉన్నవారిలో కొందరికి మొత్తం వైద్యం ఇచ్చారు, కొందరికి ఆలోచనల జోలికి పోకుండా, మానేసిన పనులను ఒక్కొక్కటిగా మళ్లీ చేయించే ముక్క మాత్రమే ఇచ్చారు. ఇద్దరూ దాదాపు సమానంగా కోలుకున్నారు. ఆలోచనను నేరుగా కదిలించనక్కర్లేకుండానే మనిషి కదిలాడన్నమాట.

మన దేశానికి దీని విలువ గోవాలో తేలింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన కుంగుబాటు రోగులకు, మనస్తత్వశాస్త్రం చదవని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది విడతల్లో ఈ పద్ధతిని అందించారు. మామూలు వైద్యం మాత్రమే పొందినవారికంటే వీరు మెరుగయ్యారని 2017లో ఫలితాలు వెలువడ్డాయి. వైద్యులు పట్నాల్లోనే ఉండిపోయే ప్రాంతాలకు ఇది పెద్ద కబురు. వైద్యుడు దొరకనిచోట ఏం దొరుకుతుందో చూపించింది కదా.

భయాలకు కూడా ఇదే దారి. 1958లో జోసెఫ్ వోల్పీ మెట్టు మెట్టుగా భయాన్ని ఎదుర్కొనే పద్ధతి రాశారు. చేతులు పదేపదే కడగడం, తాళం పదిసార్లు చూడటం వంటి ఓసీడీకి, 1966లో విక్టర్ మేయర్ మొదలుపెట్టిన దారే, అంటే మురికనిపించినదాన్ని ముట్టుకుని చేతులు కడగకుండా ఉండటం, నేటికీ మాటల వైద్యాల్లో ముందు వరసలో ఉంది. పళ్లబిగువున చేయవలసిన పని. పక్కన ఇంట్లోవాళ్లు “పోనీలే, ఈ ఒక్కసారికి కడుక్కో” అంటే మొత్తం మొదటికి వస్తుంది. మన ఇళ్లలో జాలిపడేవారికి కొదవ లేదు కాబట్టి ఇంటిల్లిపాదినీ ఒక విడతకు పిలిచే వైద్యుణ్ణి చూసుకోండి.

లోపం? “ఎందుకు ఇలా అయ్యాను” అని తెలుసుకోవాలనుకునే మనిషికి ఇది పొడిపొడిగా ఉంటుంది.

మనోవిశ్లేషణ, రోజర్స్ పద్ధతి

ఫ్రాయిడ్ బడి మన దేశానికి తొందరగానే వచ్చింది. గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘం పెట్టారు. పాత తరహాలో వారానికి నాలుగైదు రోజులు, ఏళ్ల తరబడి సాగుతుంది. ఇప్పుడు కొన్ని నెలల్లో ముగిసే రూపాలూ వచ్చాయి. ఒకే రకం గొడవ ప్రతి బంధంలోనూ తిరిగి తిరిగి వచ్చే మనిషికి ఉపయోగపడవచ్చు. డెల్టాలో వెతికి పట్టుకోవడం మాత్రం కష్టం. దీనికి ఇంతకంటే చోటు ఇవ్వను.

కార్ల్ రోజర్స్ 1950లలో చెప్పినది వినడానికి తేలిక: వైద్యుడు తీర్పు చెప్పకుండా, నటించకుండా, ఎదుటివారి వైపు నుంచి చూస్తూ వింటే మనిషి తన దారి తాను వెతుక్కుంటాడు. వ్యాధి పేరు పెట్టలేని దుఃఖాలకు ఇది నప్పుతుంది. మా వైపు కువైట్ వెళ్లిన భర్తలూ భార్యలూ ఎందరో. ఇక్కడ ఉండిపోయినవారు ఇంటి నిండా మనుషులున్నా, మనసులో మాట ఎవరితోనూ అనలేరు, అంటే మరుసటి రోజుకు వీధి చివరికి చేరుతుంది. అలాంటివారికి నోట్‌బుక్కు ఇచ్చి ఆలోచనలకు ఆధారాలు రాయమంటే ఇంకొకరు నిలదీసినట్టే ఉంటుంది. ముందు వినేవారు కావాలి. అయితే ఓసీడీకి, పానిక్‌కు వినడం ఒక్కటే సరిపోదు.

మందు

మాటల వైద్యం పట్నం వాళ్లకేనన్న బావగారి మాట తప్పు, కాని మందంటే భయపడేవారి మాటా తప్పే. లేని గొంతులు వినిపించే స్కిజోఫ్రీనియా, అతి ఉత్సాహమూ కుంగుబాటూ మారిమారి వచ్చే బైపోలార్ వంటి జబ్బుల్లో మందే మొదటి మెట్టు. మాటల వైద్యం దానికి తోడు మాత్రమే. తీవ్రమైన కుంగుబాటులో మందూ సీబీటీ కలిపి ఇవ్వడం మేలు.

కుంగుబాటు మందులు పనిచేయడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. దుష్ప్రభావాలు మాత్రం మొదటి వారంలోనే కనిపిస్తాయి. ఈ తిరకాసు తెలియక చాలామంది పదో రోజున ఆపేస్తారు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, ఆపేటప్పుడు వైద్యుడి సలహాతో మెల్లగా తగ్గించాలి. నిద్రమాత్రలు వేరే జాతి: కొన్నిటికి ఒళ్లు అలవాటుపడిపోతుంది. పాత చీటీ చూపించి దుకాణంలో నెలల తరబడి కొనుక్కునేవాళ్లను చూశాను. వాళ్లు కుంగుబాటుకు మందు వాడుతున్నామనే అనుకుంటారు.

మందు చేయలేనిది ఒకటుంది. పానిక్‌లో దడను తగ్గిస్తుంది గాని, “దడ వస్తే చస్తాను” అన్న నమ్మకాన్ని మార్చదు.

| పద్ధతి | సమస్య ఎక్కడుందంటుంది | మనిషి చేయవలసింది | సాధారణంగా పట్టే కాలం | బాగా నప్పేది | జారేది |
|---|---|---|---|---|---|
| కాగ్నిటివ్ (సీబీటీ) | వాస్తవాన్ని దాటిన ఆలోచనలో | రాయాలి, వాదించాలి, పరీక్షించి చూడాలి | 12–20 వారాలు | పానిక్, పరీక్ష భయం, కుంగుబాటు | నిజమైన నష్టాలు, రాయడం రానివారు |
| ప్రవర్తన | తప్పించుకునే అలవాటులో | భయపడేదాని దగ్గరకు వెళ్లాలి, మానేసిన పని చేయాలి | 6–15 విడతలు | ఓసీడీ, భయాలు, కుంగుబాటు | “ఎందుకు” అని అడిగేవారు |
| మనోవిశ్లేషణ | పాత బంధాల్లో | మాట్లాడాలి, ఓపిక పట్టాలి | నెలల నుంచి ఏళ్లు | తిరిగి తిరిగి వచ్చే గొడవలు | దూరం, ఖర్చు |
| రోజర్స్ పద్ధతి | వినేవారు లేకపోవడంలో | మాట్లాడాలి | మనిషిని బట్టి | దుఃఖం, ఒంటరితనం | ఓసీడీ, పానిక్ |
| మందు | మెదడులో, శరీరంలో | వేళకు వేసుకోవాలి, చెప్పకుండా ఆపకూడదు | నెలల నుంచి ఏళ్లు | తీవ్రమైన జబ్బులు | నమ్మకాలు, పరిస్థితులు |

ఇప్పుడు మనుషుల వైపు నుంచి

*రొయ్యల చెరువు రైతు.* తెల్లవారుజామున రెండింటికి మెలకువ వస్తుంది. కుంగుబాటు గురించి చదివిన పట్నం కుర్రాడైతే వెంటనే టిక్కు పెట్టేస్తాడు, తొందరగా మెలకువ రావడం దాని లక్షణం కదా. కాని చెరువులో ఆక్సిజన్ తెల్లవారేలోపే బాగా పడిపోతుంది. కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే అరగంటలో రొయ్య తేలుతుంది. ఆ మెలకువ వృత్తి. వెళ్లి చూసివచ్చాక నిద్ర పడుతోందా, లేక పడుకుని తెల్లవార్లూ “అంతా పోయింది, నా వల్లే పోయింది” అని తిప్పుకుంటున్నాడా అన్నది అడగాలి. రెండోదైతే కాగ్నిటివ్ పద్ధతి పనికొస్తుంది, ముఖ్యంగా “నా వల్లే” అన్న ముక్క మీద. తెల్లమచ్చ తెగులు పక్క చెరువులకూ వచ్చింది కదా! అప్పు మాత్రం ఆలోచన కాదు. బ్యాంకుతో మాట్లాడి కిస్తీలు మార్పించుకోవడం, బంధువులతో కూర్చుని పద్దు తేల్చుకోవడం కూడా వైద్యంలో భాగమే. ఆ మాట ఒప్పుకోని కౌన్సెలర్ దగ్గరికి రెండోసారి వెళ్లనక్కర్లేదు. మంచం దిగడం మానేసిన రైతుకైతే ముందు ప్రవర్తన పద్ధతి: పొద్దున్న ఒకసారి చెరువు గట్టు చుట్టి రావడం, అంతే.

*ప్రవేశ పరీక్షలకు చదివే పిల్లలు.* హాల్లో కూర్చోగానే చదివినదంతా ఎగిరిపోతోందంటే కాగ్నిటివ్ పద్ధతికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. 1974లో బాడ్లీ, హిచ్ చెప్పిన వర్కింగ్ మెమరీ, అంటే అప్పటికప్పుడు ఆలోచిస్తున్నవాటిని పట్టి ఉంచే జ్ఞాపకం, చిన్న బల్ల లాంటిది. “ఫెయిలైతే నాన్న ముఖం ఎలా చూడాలి” అన్న ఆలోచన బల్ల మీద సగం ఆక్రమిస్తే లెక్కకు చోటుండదు. పిల్లలు రాయగలరు, వాదించగలరు, తొందరగా నేర్చుకుంటారు. ఒక షరతు: ఇంట్లో రోజూ పక్కింటి అబ్బాయి ర్యాంకు వినిపిస్తుంటే, వైద్యం కావలసింది పరీక్ష రాసే మీ పిల్లవాడికి కాదు. తల్లిదండ్రులు ఆ మాట మానుకుని తరువాత కౌన్సెలర్‌ను వెతకండి.

*తుపాను చూసినవారు.* 1996 నవంబరు 6 రాత్రిని కోనసీమ మరవలేదు. ఆ గాలిలో మనుషులను పోగొట్టుకున్నవారు ఈనాటికీ ఆకాశం మబ్బేస్తే పిల్లలందరినీ ఇంటికి పిలుస్తారు. ఇక్కడ ప్రవర్తన, కాగ్నిటివ్ రెండూ కలిపి, ఆ జ్ఞాపకాన్నే మెల్లగా తిరిగి చెప్పించే రకం కావాలి. తొందరపెట్టే వైద్యుడు పనికిరాడు. ఇంకొక మెలిక: వాతావరణ హెచ్చరిక వచ్చినప్పుడు పునరావాస కేంద్రానికి వెళ్లడం జబ్బు కాదు, తెలివి. మామూలు ఈదురుగాలికి కూడా మంచం కింద దూరుతున్నారా అన్నదే కొలత.

*రాయడం రాని పెద్దలు.* ఇక్కడ నా ఇష్టాన్ని పక్కన పెట్టి ప్రవర్తన పద్ధతికే ఓటు వేస్తాను. సీబీటీయే కావాలంటే నోట్‌బుక్కు బదులు ఫోనులో మాట రికార్డు చేసి తెమ్మనే వైద్యులు ఉంటారు, అడిగి చూడండి.

*నా విద్యార్థులు.* కాగ్నిటివ్ దృక్పథం బలాలూ పరిమితులూ రాయమంటే మీరు ప్రతి ఏడాదీ “శాస్త్రీయమైనది, కాని యాంత్రికమైనది” అని రెండు ముక్కలు రాసి ఊరుకుంటారు. ఆ రెండూ ఒకే వేరు నుంచి వచ్చాయని రాయండి. మనసును యంత్రంలా చూశారు కాబట్టే కొలవగలిగారు, అందుకే కోపం, ప్రేమ, ఊరు, అప్పు కొలతలోంచి జారిపోయాయి. మార్కులు ఎన్ని వస్తాయో చెప్పలేను గాని చదివేవారికి నిద్ర రాదు.

మొదటి రోజు అడగవలసినవి

మందు రాసేవారు సైకియాట్రిస్టు, అంటే ఎంబీబీఎస్ తరువాత మానసిక వైద్యం చదివినవారు. క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, నమోదు సంఖ్య ఉండాలి. అడిగితే కోపం తెచ్చుకునేవారి దగ్గర కూర్చోకండి. వారాంతపు శిక్షణ పత్రం గోడకు తగిలించుకున్నవారు మా చిన్న పట్టణాల్లోనూ కనిపిస్తున్నారు.

బయలుదేరే ముందు ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి, లేదా పిల్లల చేత రాయించుకోండి: ఎప్పటినుంచి, ఏ సమయంలో ఎక్కువ, దీనివల్ల ఏ పని మానేశారు. వాడుతున్న మందుల చీటీలన్నీ తీసుకువెళ్లండి, నాటుమందు వాడితే అదీ చెప్పండి. ప్రతి వారం రావాలా, మొదటి రెండు విడతల తరువాత ఫోనులో కొనసాగించవచ్చా అని అడగండి. ఫోనులో మాట్లాడాలంటే ఇంట్లో ఎవరూ వినని చోటు ముందే చూసుకోవాలి. మా వీధిలో ఒకామె ఆ గంటసేపు డాబా ఎక్కి వడియాలు ఆరబెడుతున్నట్టు కూర్చుంటారట.

చివరగా ఈ ప్రశ్న అడిగి లేవండి: “ఎన్ని వారాల్లో తేడా కనపడకపోతే పద్ధతి మారుస్తారండి?” అంకె చెప్పేవారి దగ్గర మొదలుపెట్టండి.